రంగూ నీరూ: వెనక కొండ ముందుకొస్తోంది, ఏం చేయాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కొండల గురించే. విశాఖలో ఉంటూ కొండ జోలికి పోకుండా బొమ్మలు వేయడం ఎలాగూ కష్టం. సముద్రం వైపు తిరిగి కూర్చున్నా కంటి కొసకు ఏదో ఒక కొండ తగులుతూనే ఉంటుంది. మొదటి ఉత్తరానికి జవాబు కాస్త పొడవైంది. అదే ఇబ్బంది రాసిన మిగతావాళ్లు కూడా దాన్నే తమ జవాబుగా తీసుకోండి.

ప్రశ్న: టీచరు గారూ, నమస్కారం. కైలాసగిరి మీద కూర్చుని ఉత్తరం వైపు చూస్తూ నీటిరంగుల్లో బొమ్మ వేశాను. ముందు కైలాసగిరి వాలు, తర్వాత రుషికొండ, దాని వెనక తొట్లకొండ వైపు వరుస, చివర భీమిలి కొండలు. దూరం పోయే కొద్దీ నీలం పెంచాలని ఒక వీడియోలో చూసి అలాగే చేశాను. భీమిలి కొండ వెనక్కి పోవడం మాని ముందుకు దూకుతోంది. ఫొటో పంపుతున్నాను, లోపం ఎక్కడుందో చెప్పండి.
(పాఠకురాలు, ఎంవీపీ కాలనీ)

జవాబు: బొమ్మ చూశానమ్మా. తీరం వంపు చక్కగా పట్టారు, రుషికొండ దగ్గర రోడ్డు మలుపు కూడా బాగుంది. భీమిలి కొండ మాత్రం ఇంకు సీసా ఒలికినట్టు ఉంది. అల్ట్రామెరీన్ అనే ముదురు నీలాన్ని దాదాపు ట్యూబులో ఉన్నంత చిక్కగా వేసినట్టున్నారు. దూరానికి నీలం అన్న మాట తప్పేమీ కాదు. అది ఏ గాలికి చెప్పిన మాటో చూసుకోవాలి.

ఇలాంటి వీడియోలు చాలావరకు పొడి గాలి ఉన్న ఎత్తయిన పర్వతాల బొమ్మలతో చేసినవి. గాలి అణువులు వెలుగును చెదరగొట్టేటప్పుడు ఎరుపు కన్నా నీలాన్ని సుమారు నాలుగు రెట్లు ఎక్కువగా చెదరగొడతాయి. మనకూ కొండకూ మధ్య పరుచుకునేది ఆ చెదిరిన నీలమే. చెదరగొట్టే రేణువు పెద్దదైతే ఈ లెక్క మారిపోతుంది. మన తీరంలో గాలి నిండా తేమ, అలల నుంచి లేచిన ఉప్పు, ఊరి దుమ్ము. ఇవి అణువుల కన్నా ఎంతో పెద్దవి కాబట్టి అన్ని రంగులనూ దాదాపు సమానంగా చెదరగొడతాయి. అందుకే మనకు దూరం నీలంగా కాక, తెలుపు కలిసిన బూడిదగా కనిపిస్తుంది.

ఏప్రిల్ మధ్యాహ్నం కైలాసగిరి నుంచి చూడండి. 20 కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉన్న భీమిలి కొండకు రంగంటూ ఉండదు. ఆకాశం అడుగుభాగం కన్నా ఒక్క పిసరు ముదురు, అంతే. అక్టోబరులోనో నవంబరులోనో పెద్ద వాన వెలిసిన మర్నాడు అదే చోట నిలబడండి. దుమ్మూ ఉప్పూ కడుక్కుపోయి, అదే కొండ నీలంగా, పక్క పేటలో ఉన్నంత దగ్గరగా కనిపిస్తుంది. రెండూ నిజమే. మీరు వేస్తున్నది ఏ రోజు బొమ్మో తేల్చుకోకుండా నీలం ట్యూబు మూత తీయకండి.

ఆ నీలం కొండది కాదు, గాలిది. ఇందుకు మన ఊరివాళ్లకు వేరే రుజువు అక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక కైలాసగిరి, కంబాలకొండల మీద చెట్లు మోడులైపోయాయి. దగ్గర కొండల మీద పచ్చదనం పోయి మట్టి రంగు బయటపడింది. దూరపు వరుసలు మాత్రం చెట్లున్నప్పటిలాగే నీలి బూడిదగానే కనిపించేవి.

రంగు సంగతి ఇంతే. దూరాన్ని అసలు చూపించేది ముదురూ లేతా. మీ ఫొటోను ఫోనులో నలుపు తెలుపు చేసి చూశాను, నాలుగు కొండలూ ఒకే బూడిదలో ఉన్నాయి. ఇక అవి వెనక్కి ఎలా పోతాయి?

ఈసారి ఇలా చేయండి. ప్యాలెట్‌లోని పెద్ద గుంటలో అల్ట్రామెరీన్, బర్న్ట్ సియన్నా (ఎర్రమట్టి రంగు) కలిపి, నీలం వైపు కాస్త మొగ్గేలా బూడిద రంగు నీళ్లు తయారుచేసుకోండి. కావలసిన దానికన్నా ఎక్కువే కలపండి. మధ్యలో అయిపోతే మళ్లీ అదే ఛాయ తేవడం ఎవరి వల్లా కాదు. ముందు ఆకాశం. పైన పల్చని నీలం, కిందికి వచ్చేసరికి దాదాపు నీళ్లే, ఆ నీళ్లలో చిటికెడు రా సియన్నా (పసుపు మట్టి రంగు). అది పూర్తిగా ఆరాలి. ఆరిందో లేదో కంటితో తెలియదు. వేళ్ల వెనక భాగం కాగితానికి ఆనించి చూడండి, చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే.

ఇప్పుడు భీమిలి కొండ. గుంటలోని రంగును ఒక చుక్క పక్కకు తీసి, దానికి నాలుగైదు కుంచెల నీళ్లు కలపండి. అదే కాగితం తుండు మీద పూసి ఆరనివ్వండి. నీటిరంగు ఆరాక లేతబడుతుంది. ఆరిన తుండును బొమ్మలోని ఆకాశం పక్కన పెట్టి, కళ్లు చిట్లించి చూడండి. రెండింటికీ తేడా ఉందా లేదా అన్న సందేహం వస్తే సరిగ్గా కుదిరినట్టు. బోర్డు తలవైపు కింద ఒక పుస్తకం పెట్టి వాలుగా ఉంచండి. కొండ పై అంచును ఒకే ఊపులో వేస్తే రంగు దిగువ అంచున తడిగా చేరి నిలుస్తుంది. ఆ తడిని కుంచెతో కిందికి లాక్కుంటూ రండి. సగం దిగాక కుంచె కడిగేసి, మిగతాదంతా మంచినీళ్లతోనే లాగండి. కొండ అడుగుకు వచ్చేసరికి రంగు కనిపించకూడదు. తేమా దుమ్మూ కింద దట్టంగా, పైన పల్చగా ఉంటాయి కదా. కొండ కూడా తల దగ్గర ముదురుగా, పాదం దగ్గర లేతగా ఉండాలి. మీరు నాలుగు కొండలకూ అడుగున గీత గీసి మరీ ముగించారు.

అది ఆరాక నీళ్లు కొంచెం తగ్గించి తొట్లకొండ వరుస, ఇంకొంచెం తగ్గించి రవ్వంత ఆకుపచ్చ కలిపి రుషికొండ. ఇక్కడ చాలామంది నాలుగు కొండలకూ సమానమైన మెట్లు కడతారు. గాలి అలా పనిచేయదు. కొండ ముదురుదనంలో ఎక్కువ భాగాన్ని మొదటి కొద్ది కిలోమీటర్లలోనే తినేస్తుంది, ఆ తర్వాత తినడానికి మిగిలేది తక్కువ. కాబట్టి కైలాసగిరి వాలుకూ రుషికొండకూ మధ్య తేడా పెద్దదిగా ఉండాలి. తొట్లకొండ వరుసకూ భీమిలికీ మధ్య ఉండీ లేనట్టు ఉండాలి. మీ బొమ్మకు ఒక్క దిద్దుబాటే చెప్పమంటే ఇదే చెబుతాను.

ముందరి వాలు దగ్గర జంకకండి. మన కొండల మట్టి ఎర్రది. బర్న్ట్ సియన్నాను చిక్కగా వాడండి, పొదల నీడలకు అందులోనే అల్ట్రామెరీన్ దట్టించండి. ఇక్కడ రాయి, కొమ్మ, ఎండుగడ్డి అన్నీ ఉండవచ్చు. రుషికొండకు పై అంచున చెట్ల ఎగుడుదిగుళ్లు చాలు. ఆ వెనక వాటికి అవీ వద్దు. దూరపు కొండలు నునుపన్న పెద్దలు ఏదో ఒకనాడు కుంచె పట్టే ఉంటారని నా అనుమానం.

ఇంకొకటి మరిచిపోయాను. తీరం పొడవునా భవనాలను భీమిలి దాకా కాగితం తెలుపుగానే వదిలేశారు. గాలి ముదురును లేత చేసినట్టే తెలుపును మసక చేస్తుంది. దూరపు తెలుపు మన కంటికి చేరేలోపు అందులోని నీలం కొంత దారిలోనే చెదిరిపోయి పసుపు ఛాయ తేలుతుంది. వాటి మీద నీళ్లలాంటి రా సియన్నా ఒక పూత వేయండి. అచ్చమైన కాగితం తెలుపును మీ ముందు విరిగే అలకు దాచుకోండి.

ప్రశ్న: పాడేరు దగ్గరి వంజంగి కొండకు వెళ్లి సూర్యోదయం ఫొటోలు తీసుకొచ్చాను. ఫొటోలో ఉన్నది ఉన్నట్టు వేసినా లోతు రావడం లేదు. అక్కడ చూసింది ఇది కాదనిపిస్తోంది.
(పాఠకుడు, మధురవాడ)

జవాబు: మీ అనుమానం సరైనదే, మీరు చూసింది అది కాదు. ఇప్పటి ఫోన్లు ఎదురు వెలుగులో ఒక ఫొటోకు బదులు వేర్వేరు వెలుగుల్లో కొన్ని తీసి కలిపేస్తాయి. మసకగా ఉన్న చోట తేడాలను పెంచి, మంచులో కరిగిపోయిన కొండకు అంచు గీసిపెడతాయి. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది కానీ, మీకు కావలసిన గాలి మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది.

ఫొటోను ఆకారాల కోసం మాత్రమే వాడండి. ముదురూ లేతా అక్కడే కాగితం మీద రాసుకోవాలి. అరచేయంత పుస్తకంలో కొండల వరుసలను పెన్సిలుతో గీసి, ఒక్కో దాని మీద 1 నుంచి 5 దాకా అంకె వేయండి. కాగితం తెలుపు 1, మీ పెన్సిలు ఇవ్వగలిగిన నలుపు 5. వంజంగిలో తెల్లవారుజామున దూరపు వరుసలన్నీ 2 దగ్గరే తచ్చాడతాయి, 5 అనేది మీ కాళ్ల దగ్గర గడ్డికే దక్కుతుంది. రాత్రి చల్లబడిన గాలి లోయలోకి జారి, అందులోని తేమ మబ్బుగా మారుతుంది. ఎండెక్కితే అది లేచి చెదిరిపోతుంది. బొమ్మ వేసేంత వ్యవధి అది ఇవ్వదు. అంకెలు వేసుకునే వ్యవధి ఇస్తుంది. పాడేరు వచ్చి, టిఫిను చేసి, తీరికగా బొమ్మ వేసుకోండి.

ప్రశ్న: కొండ అడుగు మంచులో కలిసిపోయేలా వేస్తున్నప్పుడు ప్రతిసారీ పూలగుత్తి అంచు లాంటి మరకలు వస్తున్నాయి. పూత వేశాక ఐదు నిమిషాలు ఆగితే చాలని బెంగళూరులో ఉన్న మా అక్కయ్య చెప్పింది, అలాగే చేస్తున్నాను. ఎందుకు?
(పాఠకురాలు, సీతమ్మధార)

జవాబు: వీటిని కాలీఫ్లవర్లని పిలుస్తారు. సగం ఆరిన పూత మీద దానికన్నా తడి ఎక్కువున్న కుంచె పెడితే, ఆ నీళ్లు రంగు రేణువులను తోసుకుంటూ పోయి అవతల అంచున కుప్పపోస్తాయి. కుంచెలోని తడి కాగితం మీది తడికన్నా తక్కువగా ఉండాలి, సూత్రం ఇదొక్కటే.

మన ఊళ్లో చిక్కేమిటంటే, గాలిలో తేమ వల్ల ఆ సగం ఆరిన దశ చాలాసేపు సాగుతుంది. బెంగళూరులో ఉన్న మీ అక్కయ్య చెప్పిన 'ఐదు నిమిషాలు' ఇక్కడ చెల్లవు. తలవంచి కాగితాన్ని పక్క నుంచి చూడండి. అద్దంలా మెరుస్తుంటే ఇంకా రంగు పెట్టవచ్చు. మెరుపు తగ్గి పట్టు గుడ్డలా మిలమిల్లాడుతుంటే చేతులు కట్టుకుని కూర్చోండి. ఆ సమయంలోనే అందరికీ ఏదో ఒకటి దిద్దాలని చేయి దురద పెడుతుంది. లేచి వెళ్లి కాఫీ పెట్టుకోండి.

ప్రశ్న: పొగమంచుకు తెల్లరంగు కలపవచ్చా?
(పాఠకుడు, అనకాపల్లి)

జవాబు: కలిపితే పోలీసులు పట్టుకోరు. విన్సర్ అండ్ న్యూటన్ వాళ్లు చైనీస్ వైట్ పేరుతో జింకు తెలుపును 1834లోనే అమ్మకానికి పెట్టారు. అప్పటినుంచి ఈ తగవు నడుస్తూనే ఉంది. నా మటుకు నాకు కొండ మీద తెల్లరంగు సుద్ద పూసినట్టే కనిపిస్తుంది. కింద కాగితం వెలుగు పైకి రాదు. గుడిసె మీద లేచే పొగకో, ఒక కొంగకో అయితే సరే.

మంచు కావాలంటే రంగు ఎత్తండి. పిండిన కుంచెతో తడిపి, టిష్యూ కాగితంతో అద్దితే సరి. అల్ట్రామెరీన్ సులువుగా లేచి వస్తుంది. ప్రష్యన్ బ్లూ, థాలో బ్లూ కాగితంలోకి ఇంకిపోతాయి, ఎంత రుద్దినా కదలవు. మంచు ఉన్న బొమ్మలో వాటిని వాడకపోవడానికి ఇది చాలు.

ప్రశ్న: మంచి కాగితమే కొన్నాను, 300 జీఎస్ఎం. వేసవిలో బాగా పనిచేసింది. వానాకాలం వచ్చేసరికి ఆకాశం వేస్తే మచ్చలు మచ్చలుగా రంగు పీల్చేస్తోంది. కాగితం నకిలీదా?
(పాఠకురాలు, గాజువాక)

జవాబు: నకిలీది కాదు, చెమ్మ తగిలింది. నీటిరంగుల కాగితానికి జెలటిన్ లాంటి జిగురు పట్టిస్తారు. రంగు వెంటనే ఇంకిపోకుండా పైన కాసేపు నిలబడేది దాని వల్లే. చెమ్మకు, కంటికి కనిపించని బూజుకు ఆ జిగురు అక్కడక్కడా చెడిపోతుంది. చెడిన చోటల్లా కాగితం అద్దుడు కాగితమైపోతుంది. ఒక మూలన నీటి చుక్క వేసి చూడండి. నిలబడితే పరవాలేదు, చప్పున ఇంకిపోతే ఆ కాగితాన్ని పెన్సిలు పనికి కేటాయించండి. పల్చని జెలటిన్ నీళ్లు పూసి మళ్లీ దారికి తెచ్చేవాళ్లు ఉన్నారు. అంత శ్రమ పడేకన్నా ముందే జాగ్రత్త పడటం నయం. గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టి, బయటి గోడకు ఆనని బీరువాలో దాచండి. చవకగా వస్తున్నాయని ఏడాదికి సరిపడా కొనకండి.

ప్రశ్న: కొండల బొమ్మలకు కనీసం ఎన్ని ట్యూబులు ఉండాలి?
(పాఠకుడు, విజయనగరం)

జవాబు: అల్ట్రామెరీన్, సెరూలియన్ (ఆకాశ నీలం), రా సియన్నా, బర్న్ట్ సియన్నా, నిమ్మపండు ఛాయ ఉన్న ఒక చల్లని పసుపు. ఆకుపచ్చ కొనకండి, కలుపుకోండి. సంధ్య కోసం ఎరుపు కావాలంటే అసలైన అలిజరిన్ క్రిమ్సన్ వద్దు, అది వెలుగుకు వెలిసిపోతుంది. ట్యూబు మీద పీఆర్ 83 అని ఉంటే అదే. బడి పిల్లల పెట్టెలతో కూడా కొండ వెనక్కి పోతుంది, అందుకు ఖరీదైన రంగులు అక్కర్లేదు.

ప్రశ్న: దూరాన్ని గాలితో చూపించడం యూరపువాళ్లు కనిపెట్టిన పద్ధతి అని మా తరగతిలో చెప్పారు. మనవైపు అలాంటిది లేదా?
(విద్యార్థిని, శ్రీకాకుళం)

జవాబు: దూరం పెరిగే కొద్దీ రంగు ఎలా మారుతుందో ఇటలీ చిత్రకారుడు లియొనార్డో డావిన్చి (1452–1519) వివరంగా రాసిన మాట నిజం. అంతకు నాలుగు వందల ఏళ్ల ముందే చైనాలో గువో షీ అనే చిత్రకారుడు, కొండ ఎత్తుగా కనిపించాలంటే మొత్తం గీయకూడదనీ దాని నడుముకు మబ్బు చుట్టాలనీ చెప్పాడు. సిరాతోనే ఆ పని చేసి చూపించాడు. రంగు లేకుండా దూరం చూపించవచ్చన్న నా వాదనకు ఆయన పెద్ద దిక్కు.

మనవైపు కథ ఇంకా దగ్గరిది. 1903లో జపాను నుంచి యొకొయామా తైకాన్, హిషిదా షున్‌సో కలకత్తా వచ్చారు. గీత లేకుండా, మసకబారిన పూతలతో బొమ్మ కట్టే పద్ధతి వాళ్లది. వాళ్లను చూశాక అవనీంద్రనాథ్ ఠాగూరు తన వాష్ పద్ధతిని రూపొందించుకున్నారు. బొమ్మ వేసిన కాగితాన్ని నీళ్లలో ముంచడం, మళ్లీ రంగు వేయడం, మళ్లీ ముంచడం. అలా పొరలు పొరలుగా వచ్చే మసకే బెంగాల్ బొమ్మల్లోని గాలి. సెలవుల్లో రాజమండ్రి వెళ్తే దామెర్ల రామారావు (1897–1925) పేరిట ఉన్న చిత్రకళాశాలకు తప్పకుండా వెళ్లు. ఆయన బెంగాల్ దారిలో పోలేదు, బొంబాయి జె.జె. స్కూలులో చదివి వచ్చారు. ఆ బొమ్మల్లో ముందరి మనిషికీ వెనక దృశ్యానికీ మధ్య దూరాన్ని ఎలా సాధించారో దగ్గర నిలబడి చూడు, పుస్తకంలో అచ్చయిన బొమ్మలో అది దొరకదు.

ప్రశ్న: ఊరు దాటి వెళ్లే వీలు లేదు. విశాఖలోనే కొండల వరుసలు వేయడానికి ఎక్కడ, ఏ వేళ కూర్చోవాలి?
(పాఠకుడు, పెదవాల్తేరు)

జవాబు: సూర్యుడు మనకు సముద్రంలోంచి లేచి కొండల వెనక దిగుతాడు. ఉదయపు ఎండ కొండల మీద నేరుగా పడుతుంది కాబట్టి ప్రతి రాయీ పొదా కనిపించి, అన్నీ వేయాలన్న ఆశ పుడుతుంది. వరుసలు కావాలంటే సాయంత్రం పడమటికి తిరిగి కూర్చోండి. ఎదురు వెలుగులో కొండల లోపలి వివరమంతా పోయి వట్టి ఆకారాలు మిగులుతాయి. ఒక్కో ఆకారానికి ఒక్కో పూత చాలు, నేర్చుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి పాఠం లేదు. సింహాచలం కొండల వైపు కనిపించే డాబా మీకో, మీ స్నేహితులకో ఉంటే అదే చాలు.

సముద్రం కూడా కావాలంటే టెన్నేటి పార్కు దగ్గర దక్షిణానికి తిరిగి కూర్చోండి. తీరం చివర డాల్ఫిన్స్ నోస్ నీళ్లలోకి చొచ్చుకుపోయి ఉంటుంది. అది ఒక్క కొండే అయినా దాని ముక్కు, నడుమూ, వెనక యారాడ వైపు భాగమూ మూడు వేర్వేరు ఛాయల్లో దొరుకుతాయి. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి బలంగా వీస్తుంది కాబట్టి కాగితానికి నాలుగు వైపులా క్లిప్పులు పెట్టండి, నీళ్ల సీసా బరువైనది తీసుకెళ్లండి. మురీ మిక్చర్ బండి ఎలాగూ వస్తుంది. తినండి కానీ చేయి కడుక్కున్నాకే కాగితం ముట్టుకోండి. నూనె వేలు తగిలిన చోట ఆకాశం నిలవదు.